బాల్ పైథాన్ రంగుల లెక్క: జత కలిపే ముందు నోటుపుస్తకంలో చేయాల్సిన పని

మా అమ్మమ్మ వాళ్లది పుట్టపాక. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే తాత నూలు సాగదీసి, గుర్తు పెట్టిన చోటల్లా రబ్బరు పట్టీలు బిగించి కడుతూ ఉండేవాడు. కట్టిన చోట రంగు దిగదు, కట్టని చోట దిగుతుంది. పట్టీలు విప్పి మళ్లీ కట్టి, మళ్లీ అద్దితే చివరికి తేలియా రుమాల్‌లో తెలుపు, ఎరుపు, నలుపు ఎక్కడివక్కడ నిలబడతాయి. అప్పటి నుంచి ఏ చిటికి బట్ట చూసినా నాకు రెండు పనులు విడివిడిగా కనిపిస్తాయి. ఒకటి కట్టు, రెండోది అద్దకం. చాలా ఏళ్ల తర్వాత నల్లగొండలో మా ఇంట్లో బాల్ పైథాన్‌లు అనే ఆఫ్రికా కొండచిలువలను పెంచడం మొదలుపెట్టాక, వాటి రంగుల గొడవ నాకు అర్థమైంది కూడా ఈ చూపుతోనే.

ఈ పాముల మార్ఫ్‌ల, అంటే పుట్టుకతో వచ్చే రంగు, డిజైన్ రకాల పేర్లు వింటే కళ్లు తిరుగుతాయి. పాస్టెల్, మొహావీ, క్లౌన్, పైడ్, బనానా, వీటి కలయికలు కలిపితే వేలల్లో ఉన్నాయి. పేర్లు బట్టీ పడితే ఏమీ రాదు. ఒక్కో పేరు వెనకున్న జన్యువు ఎలా దిగుతుందో తెలిస్తే చాలు, మిగతాదంతా లెక్క. లెక్క తప్పితే పోయేది డబ్బు ఒక్కటే కాదు. ఆడ పాము 1500 గ్రాముల బరువుకు రావడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. ఆ బరువు రాకుండా దాన్ని గుడ్లకు పెట్టకూడదు. అంటే ఒక తప్పు జత అంటే మీవి మూడు నాలుగేళ్లు, ఆ పాము ఒంట్లో సత్తువ రెండూ పోయినట్టే. అందుకే ముందు నోటుపుస్తకం, తర్వాతే పాములు.

కాగితాలు సరిచూసుకోండి

బాల్ పైథాన్ మన పాము కాదు. ఘనా, టోగో, బెనిన్ లాంటి పశ్చిమ ఆఫ్రికా దేశాల పొలాల్లో, ఎలుకల బొరియల్లో బతికేది. అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక, ఇలాంటి విదేశీ జాతులు నాలుగో షెడ్యూల్‌లోకి వచ్చాయి. పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. పిల్లలు పుట్టినా, ఒకటి చనిపోయినా, చేతులు మారినా తెలియజేయాలి. కాగితం లేని పామును ఎంత మంచి మార్ఫ్ అయినా తీసుకోకండి.

నల్లమలలో, కృష్ణా ఒడ్డు పొలాల్లో కనిపించే కొండచిలువ సంగతి వేరు. అది మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువు. దాని పిల్ల దొరికినా ఇంటికి తేవడం నేరం. అటవీ శాఖకు ఫోన్ చేయడం ఒక్కటే దారి.

మొదట మామూలు పామును చూడటం నేర్చుకోండి

కొత్తవాళ్లు నేరుగా తెల్లవాటి వైపు, పసుపువాటి వైపు వెళ్తారు. దయచేసి మీరు అలా చేయకండి. మామూలు బాల్ పైథాన్ ఫొటోలు ఓ ఇరవై ముందేసుకొని కూర్చోండి. నేల రంగు నలుపో, ముదురు గోధుమో. దాని మీద మట్టి రంగు, బంగారు రంగు మచ్చలు. చాలా మచ్చల్లో కళ్లలాగా రెండు నల్ల చుక్కలుంటాయి. పొట్ట తెలుపు. తల మీద ముదురు రంగు, కంటి మీదుగా ఒక గీత. ఇదంతా కంటికి అలవాటైతేనే, రేపు ఎల్లో బెల్లీ లాంటి పామును చూసినప్పుడు తేడా పడుతుంది. ఎల్లో బెల్లీ చూడటానికి దాదాపు మామూలు పామే. పొట్ట అంచున మంటల్లా పాకిన గీతలు మాత్రం తేడా. తెలియనివాళ్లు దాన్ని మామూలు పాము కిందే లెక్కేస్తారు.

తర్వాత రంగు వేరు, కట్టు వేరు అని విడదీయండి

నోటుపుస్తకంలో ఒక పేజీకి మధ్యలో గీత గీయండి. ఎడమవైపు అద్దకం, కుడివైపు కట్టు అని రాయండి. ఇప్పుడు ఒక్కో మార్ఫ్‌ను ఏ వైపు వేయాలో ఆలోచించండి.

అల్బినో అద్దకం వైపు. ఈ పాములో రంగు తయారుచేసే కణాలు ఉండాల్సిన చోటే ఉన్నాయి. కానీ నలుపును తయారుచేసే టైరోసినేజ్ అనే ఎంజైమ్ పని చేయదు. నల్ల రంగు అయిపోయిన రోజు అద్దకం వేసినట్టన్నమాట. డిజైన్ చెక్కుచెదరదు. నలుపు ఉండాల్సిన చోట తెలుపు, మిగతా చోట పసుపు, కళ్లు ఎరుపు. బందీగా పెంచిన బాల్ పైథాన్‌లలో ఈ అల్బినో తరతరాలకు దిగే లక్షణమే అని 1992లో అమెరికాలో బాబ్ క్లార్క్ అనే పెంపకందారు పిల్లలు పుట్టించి చూపించారు. దాని వెనక టైరోసినేజ్ జన్యువే ఉందని 2022లో ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు తేల్చారు. అందుకు వాళ్లు వాడింది పెంపకందారులు పంపిన కుబుసాలు. మనం చెత్తబుట్టలో వేసే కుబుసంలో అంత సమాచారం ఉందని తెలిసిన రోజు నాకు నిజంగా ఒళ్లు పులకరించింది.

ఆక్సాంథిక్ కూడా అద్దకం వైపే. ఇందులో పోయేది పసుపు. నలుపు, బూడిద, తెలుపు మిగులుతాయి. కొన్ని వంశాలలో వయసు పెరిగేకొద్దీ గోధుమ రంగు తేలుతుంది.

పైడ్ మాత్రం కట్టు వైపు. ఒంటి మీద పెద్ద పెద్ద తెల్ల ముక్కలు, మధ్యలో మామూలు రంగు. తెల్లగా ఉన్న చోట రంగు కణాలే లేవు. తాత రబ్బరు పట్టీ బిగించిన చోట నూలు తెల్లగా మిగిలిపోయినట్టు. అల్బినోకు కళ్లు ఎర్రగా ఉంటాయి గానీ పైడ్‌కు మామూలుగానే ఉండటానికి కారణం ఇదే. రంగు తయారీ ఆగలేదు, కొన్ని చోట్లకు చేరలేదంతే. దీని వెనక ఉన్నది టీఎఫ్ఈసీ అనే జన్యువని 2023లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ పరిశోధకులు ప్రచురించారు.

క్లౌన్, పిన్‌స్ట్రైప్ మీరే వేసుకోగలరు. డిజైన్ మారిపోతుంది కాబట్టి కట్టు వైపు. పాస్టెల్ పసుపును వెలిగిస్తుంది, అద్దకం. కొన్ని రెండువైపులా పడతాయి. మొహావీ డిజైన్‌నూ మారుస్తుంది, రంగునూ మారుస్తుంది. గీత మీద రాసేయండి, తప్పేం లేదు.

ఈ పేజీ వల్ల లాభం ఏమిటంటే, రెండు జన్యువులు ఒకే పాములో చేరితే ఎలా ఉంటుందో ఊహించగలుగుతారు. అల్బినో నలుపును తీసేస్తుంది, ఆక్సాంథిక్ పసుపును తీసేస్తుంది. రెండూ ఉన్న పాము దాదాపు తెల్లగా ఉంటుంది. దాన్నే స్నో అంటారు.

ఎలా దిగుతుందో తెలుసుకోండి, మూడే దారులు

పదో తరగతి జీవశాస్త్రంలో అనువంశికత పాఠం గుర్తుందా? మెండల్, బఠానీలు, బహిర్గతం, అంతర్గతం. అదే ఇక్కడ. ప్రతి జన్యువుకు రెండు ప్రతులుంటాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి.

అంతర్గత లక్షణమైతే రెండు ప్రతులూ మారి ఉంటేనే బయటికి కనిపిస్తుంది. అల్బినో, పైడ్, క్లౌన్, ఆక్సాంథిక్ ఈ కోవలోవి. ఒక్క ప్రతే ఉంటే పాము చూడటానికి పూర్తిగా మామూలే. దాన్నే హెట్ అంటారు.

బహిర్గత లక్షణమైతే ఒక్క ప్రతి చాలు. పిన్‌స్ట్రైప్ దీనికి ఉదాహరణ. రెండు ప్రతులున్నా ఒక్క ప్రతి ఉన్నా చూపులో తేడా ఉండదు.

మూడోది అసంపూర్ణ బహిర్గతత్వం. బాల్ పైథాన్‌లలో ఎక్కువ మార్ఫ్‌లు ఇందులోనే ఉన్నాయి. మన పెరట్లో సాయంత్రం విచ్చుకునే చంద్రకాంత పూలను తలచుకోండి. ఎరుపు మొక్కకు, తెలుపు మొక్కకు కలిపితే గులాబీ రంగు పూలు వస్తాయి. ఒక ప్రతి ఉంటే ఒక రూపం, రెండుంటే ఇంకో రూపం. పాస్టెల్‌కు ఒక ప్రతి, సూపర్ పాస్టెల్‌కు రెండు ప్రతులు. ఎల్లో బెల్లీకి ఒక ప్రతి, రెండైతే ఐవరీ అనే పాలిపోయిన తెల్లటి పాము. మామూలు పామని మనం పక్కకు నెట్టిన ఆ ఎల్లో బెల్లీ నుంచే ఐవరీ వస్తుందంటే, చూపు ఎంత మోసం చేస్తుందో చూడండి. ఈ మూడో రకాన్ని పెంపకందారులు కోడామినెంట్ అని కూడా పిలుస్తుంటారు. ఆ మాట వినపడితే కంగారు పడకండి, వాళ్లు చెప్పేది దీని గురించే.

గడులు గీయండి

నాలుగు గడుల చతురస్రం గీయండి. పైన తండ్రి రెండు ప్రతులు, పక్కన తల్లి రెండు ప్రతులు. ఒక్కో గడిలో పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి.

పాస్టెల్‌ను పాస్టెల్‌తో కలిపితే ఒక గడిలో సూపర్ పాస్టెల్, రెండు గడుల్లో పాస్టెల్, ఒక గడిలో మామూలు. సూపర్ పాస్టెల్‌ను మామూలు పాముతో కలిపితే నాలుగు గడుల్లోనూ పాస్టెలే. హెట్ అల్బినోను హెట్ అల్బినోతో కలిపితే ఒక గడిలో అల్బినో, రెండు గడుల్లో హెట్, ఒక గడిలో ఏమీ లేని మామూలుది.

ఇక్కడే అందరూ పొరబడే చోటు ఉంది. నాలుగింట ఒకటి అంటే నాలుగు గుడ్లలో కచ్చితంగా ఒకటి అని కాదు. ప్రతి గుడ్డుకూ విడిగా నాణెం ఎగరేసినట్టే. బాల్ పైథాన్ మామూలుగా 3 నుంచి 11 గుడ్లు పెడుతుంది, సగటున ఆరు అనుకోండి. రెండు హెట్‌లను కలిపితే ఆరు పిల్లల్లో ఒక్క అల్బినో కూడా రాకపోయే అవకాశం దాదాపు 18 శాతం. ముప్పావును ఆరుసార్లు హెచ్చవేసి చూడండి, అదే వస్తుంది. ఇక అల్బినో, ఆక్సాంథిక్ రెండింటికీ హెట్ అయిన పాములు జత కలిపి స్నో కావాలంటే అవకాశం పదహారింట ఒకటి. ఆరు గుడ్లలో కనీసం ఒక్క స్నో వచ్చే అవకాశం 32 శాతమే. మూడేళ్లు పెంచిన పాముతో ఈ పందెం కట్టే ముందు ఆ అంకెను ఒకసారి బయటికి చదువుకోండి. అదే కనిపించే అల్బినోను హెట్ అల్బినోతో కలిపితే సగానికి సగం. జత మార్చితే అంకె మారుతుంది, గడులు గీసేది అందుకే.

హెట్ పక్కన రాసే శాతం ఏమిటో అర్థం చేసుకోండి

మన దగ్గర మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే. నా బాధ కూడా ఇక్కడిదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

పైడ్‌నే తీసుకోండి. వంద శాతం హెట్ అంటే తల్లిదండ్రుల్లో ఒకరైనా కనిపించే పైడ్ అన్నమాట. పైడ్ దగ్గర ఉన్న రెండు ప్రతులూ మారినవే కాబట్టి పిల్లకు ఒకటి వచ్చి తీరుతుంది. 66 శాతం హెట్ అంటే తల్లీ తండ్రీ ఇద్దరూ హెట్‌లు, ఈ పిల్ల చూడటానికి మామూలుగా ఉంది. గడుల్లో పైడ్ గడిని కొట్టేస్తే మిగిలేవి మూడు, అందులో రెండు హెట్. మూడింట రెండు అంటే 66 శాతం. 50 శాతం హెట్ అంటే ఒకరు హెట్, ఇంకొకరు మామూలు. ఈ శాతాలు పాము ఒంట్లో ఉన్న జన్యువు మోతాదు కాదు. ఉందో లేదో మనకున్న నమ్మకం మోతాదు. 66 శాతం హెట్ పాము అయితే హెట్ అయి ఉంటుంది, లేదంటే కాదు, మధ్యలో ఏదీ లేదు.

నేను ఒక మగ పిల్లను వంద శాతం హెట్ పైడ్ అని చెబితే తీసుకున్నాను. పొట్ట మీద రెండు వైపులా రైలు పట్టాల్లాంటి గీతలు చూపించి, ఇదే రుజువు అన్నారు. హెట్ పైడ్‌లలో అలాంటి గీతలు కొన్నిసార్లు ఉంటాయి, నిజమే. కానీ ఏ హెట్టూ కాని పాములకూ ఉంటాయి. తల్లిదండ్రుల ఫొటోలు అడగాలని అప్పుడు నాకు తోచలేదు. మహబూబ్‌నగర్‌లో ఒక స్నేహితుడి దగ్గర నాలుగేళ్లు ప్రేమగా పెంచిన పైడ్ ఆడది ఉంది. రెండింటినీ కలిపాం. ఏడు గుడ్లు, ఏడూ పిల్లలయ్యాయి, ఏడూ మామూలు రంగే. నా మగది నిజంగా హెట్ అయితే ఒక్కో పిల్లకు సగం అవకాశం ఉండాలి. ఏడుకు ఏడూ తప్పిపోవాలంటే 128లో ఒక్కసారి జరగాలి. అమ్మినవాళ్లను అడిగితే మీ అదృష్టం బాగాలేదన్నారు. అది అదృష్టం కాదు, లెక్క. ఆ రాత్రి నా స్నేహితుడి ముఖం చూడలేకపోయాను.

ఒక్క మంచి మాత్రం జరిగింది. తల్లి పైడ్ కాబట్టి ఆ ఏడు పిల్లలూ అనుమానం లేని వంద శాతం హెట్‌లు. ఈసారి తల్లి ఫొటో, గుడ్ల ఫొటో, తేదీలు అన్నీ ఒక్కో పిల్ల పేరు మీద ఫైల్‌లో ఉన్నాయి.

కాబట్టి హెట్ కొనేటప్పుడు అడగాల్సినవి ఇవి: తల్లిదండ్రుల ఫొటోలు, గుడ్లు పెట్టిన తేదీ, ఆ విడతలో తోబుట్టువులు ఏ రంగుల్లో వచ్చాయి. తోబుట్టువుల్లో ఒక్కటైనా పైడ్ ఉంటే తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యువు ఉందని తెలిసిపోతుంది. అమెరికాలో ఇప్పుడు కుబుసం పంపితే కొన్ని జన్యువులకు హెట్ అవునో కాదో పరీక్షించి చెప్పే ల్యాబులున్నాయి. కాగితం లేని హెట్‌ను నేనైతే మామూలు పాము కిందే లెక్క కడతాను, మీరూ అలాగే కట్టండి.

ఒకే కుర్చీ కోసం వచ్చే జన్యువులు

కొన్ని మార్ఫ్‌లకు పేర్లు వేరైనా కూర్చునే చోటు ఒకటే. మొహావీ, లెస్సర్, బటర్, మిస్టిక్, ఫాంటమ్ ఒకే జన్యువుకు వేర్వేరు రూపాలు. ఆ జన్యువుకు పాములో రెండే కుర్చీలు. మొహావీని లెస్సర్‌తో కలిపితే నాలుగింట ఒక పిల్లకు ఒక కుర్చీలో మొహావీ, ఇంకో కుర్చీలో లెస్సర్ కూర్చుంటాయి. అప్పుడు పుట్టేది పాలలాంటి తెల్ల ఒళ్లు, నీలి కళ్లు ఉన్న పాము. బ్లూ ఐడ్ లూసిస్టిక్ అంటారు. మా పక్కింటి పెద్దమ్మ దాని ఫొటో చూసి "ఏందిరా ఇది, శ్వేతనాగా?" అని దండం పెట్టింది. ఆమె భక్తిని నేను కాదనలేదు గానీ, ఇది అల్బినో కూడా కాదని చెప్పాను. కళ్లు నీలంగా ఉండటమే గుర్తు.

దీంట్లో తెలుసుకోవాల్సిన కిటుకు ఇది. ఈ తెల్ల పామును మామూలు పాముతో కలిపితే తెల్ల పిల్ల ఒక్కటి కూడా పుట్టదు. రెండు కుర్చీల్లో ఏదో ఒకటే పిల్లకు వెళ్తుంది కాబట్టి సగం మొహావీలు, సగం లెస్సర్‌లు. మామూలు పిల్ల కూడా పుట్టదు. తెల్ల పాముకు తెల్ల పిల్లలు అనుకొని జత కలిపి నిరాశపడ్డవాళ్లు నాకు తెలుసు.

దీనికి తిరగేసింది కూడా ఉంది. చూడటానికి ఒకేలా ఉన్నా కుర్చీలు వేరైతే లెక్క పని చేయదు. అల్బినో, లావెండర్ అల్బినో రెండింటికీ ఎర్ర కళ్లే. కానీ జన్యువులు వేరు. రెండింటినీ కలిపితే పిల్లలన్నీ మామూలు రంగులో పుట్టి, రెండింటికీ హెట్ అవుతాయి. ఆక్సాంథిక్‌లోనూ అంతే, వేర్వేరు వంశాల ఆక్సాంథిక్‌లను జత కలిపితే చాలావరకు ఆక్సాంథిక్ పిల్లలు పుట్టవు. కాబట్టి నోటుపుస్తకంలో ఆక్సాంథిక్ అని రాసి ఊరుకోకండి, ఏ వంశమో కూడా రాయండి.

బనానా విషయంలో ఆడా మగా చూడాలి

బనానా అసంపూర్ణ బహిర్గతమే. ఒళ్లంతా పసుపు, నారింజ, వయసుతో పాటు పెరిగే చిన్న చిన్న నల్ల చుక్కలు. కానీ దీని జన్యువు లింగ క్రోమోజోమ్ మీద ఉంది. పాములన్నింటిలో కోళ్లలాగే ఆడదే లింగాన్ని నిర్ణయిస్తుందని చాలాకాలం అనుకున్నారు. పైథాన్‌లలో మనుషుల్లాగా ఎక్స్, వై పద్ధతి ఉందని 2017లో పరిశోధకులు చూపించారు. బనానా పెంపకందారులు అప్పటికే తమ గుడ్లలో ఏదో తేడా ఉందని గమనిస్తూ వచ్చారు.

మీ మగ బనానాకు ఆ జన్యువు తండ్రి నుంచి వచ్చిందనుకోండి, అది వై మీద ఉన్నట్టు. దానికి పుట్టే బనానా పిల్లల్లో చాలావరకు మగవే. తల్లి నుంచి వచ్చిందనుకోండి, అది ఎక్స్ మీద ఉన్నట్టు. దానికి పుట్టే బనానాల్లో చాలావరకు ఆడవి. అప్పుడప్పుడు రెండు క్రోమోజోమ్‌లు ముక్కలు మార్చుకుంటాయి కాబట్టి నూటికి నూరు కాదు. ఆడ బనానాకు ఈ గొడవ లేదు, రెండూ సమానంగా పుడతాయి. అందువల్ల మగ బనానా కొనేటప్పుడు దాని తల్లి బనానానా, తండ్రి బనానానా అన్నది అడిగి రాసుకోండి. ఆ ఒక్క ముక్క రాయకపోతే తర్వాత తెలుసుకోవాలంటే పిల్లల్ని పుట్టించి చూడటం తప్ప దారి లేదు.

వీటి జోలికి వెళ్లకండి

స్పైడర్ చాలా అందంగా ఉంటుంది. సాలెగూడులాంటి సన్నటి గీతలు. ఆ అందంతో పాటే తల వణుకు వస్తుంది. తల పక్కకు తిప్పేస్తూ, తిరగబడుతూ, ఎలుకను పట్టుకోవాలంటే గురి తప్పుతూ ఉంటుంది. లోపలి చెవి నిర్మాణమే సరిగా ఏర్పడదని 2022లో స్కాన్‌లతో చూపించారు. అంటే మంచిగా పెంచితే తగ్గేది కాదు, ఆ రంగుతో పాటు పుట్టేది. స్పైడర్ ఎంత ఎక్కువగా వణుకుతుందన్నది పాముకూ పాముకూ తేడా ఉంటుంది గానీ, వణకని వంశం అని ఎవరైనా చెబితే నమ్మకండి. షాంపేన్, వోమా మార్ఫ్‌లలోనూ ఇదే బాధ ఉంది. ఒక ప్రాణి జీవితమంతా తల నిలబెట్టలేక తిరుగుతుంటే దాన్ని అందం అని పిలవడం నాకు చేతకాదు.

సూపర్ సిన్నమన్‌లో వెన్ను వంకరలు, బాతు ముక్కులాంటి మూతి రావచ్చు. కారమెల్ అల్బినోలోనూ వెన్ను వంకరలు ఎక్కువ. డెజర్ట్ ఆడవాటికి గుడ్లు పెట్టడంలో ఇబ్బంది. లెస్సర్‌కు రెండు ప్రతులుంటే కొన్నింటికి కళ్లు ఉబ్బుతాయి. నీలి కళ్ల తెల్ల పాము కావాలంటే లెస్సర్‌ను లెస్సర్‌తో కాకుండా మొహావీతో కలపమని చెప్పేది అందుకే.

ఇక్కడ ఒక జాగ్రత్త. వెన్ను వంకర కనిపించగానే జన్యువు మీదకు తోయకండి. గుడ్లను 31 నుంచి 32 డిగ్రీల మధ్య 55 నుంచి 60 రోజులు పొదిగించాలి. మన దగ్గర జత కలిపేది చలికాలంలో కాబట్టి గుడ్లు పొదిగే రోజులు సరిగ్గా ఏప్రిల్, మే మీద పడతాయి. నల్లగొండలో మే నెలలో 44 దాటే రోజులుంటాయి. ఇంక్యుబేటర్లు చాలావరకు వేడి చేయగలవే గానీ చల్లబరచలేవు. గది 40కి వెళ్తే పెట్టె లోపల కూడా అంతే. ఆ వేడికి వెన్ను వంకర్లు వస్తాయి, డిజైన్ కూడా చెదిరి గీతలుగా మారొచ్చు. అలా పుట్టిన గీతల పామును కొత్త మార్ఫ్ అనుకొని సంబరపడి, దాని పిల్లల్లో ఒక్కదానికీ ఆ గీత రాకపోతే తల పట్టుకున్నవాళ్లున్నారు. ఏసీ, కరెంటు పోతే ఇన్వర్టర్, లోపల రెండు థర్మామీటర్లు. ఇవి లేకుండా ఈ ఎండల్లో గుడ్లు పెట్టించకండి.

పిల్లలు పుట్టాక రాయాల్సినవి

పుట్టిన రోజు రంగు చూసి పేరు పెట్టకండి. వారం పది రోజులకు మొదటి కుబుసం విడుస్తుంది. ఆ తర్వాతే రంగు తేటగా తెలుస్తుంది. అప్పుడు పగటి వెలుతురులో, కిటికీ పక్కన, తెల్ల కాగితం మీద పెట్టి వీపు, రెండు పక్కలు, పొట్ట, తల ఫొటోలు తీయండి. బల్బు కింద తీస్తే ప్రతి పాస్టెల్ సూపర్ పాస్టెల్‌లాగే కనిపిస్తుంది.

గడుల్లో లేని రంగు పిల్ల వస్తే ఆగి ఆలోచించండి. ఆడ బాల్ పైథాన్ గత ఏడాది మగదాని బీజాన్ని దాచుకోగలదు. ఈ ఏడాది మీరు కలిపిన మగది కాకుండా పోయిన ఏడాదిది తండ్రి అయి ఉండొచ్చు. మగది లేకుండానే ఆడది పిల్లల్ని కన్న సందర్భాలు కూడా ఈ జాతిలో నమోదయ్యాయి. కాబట్టి ఏ ఆడదాన్ని ఏ మగదానితో ఏ తేదీన కలిపారో, అంతకు ముందు ఏడాదిది కూడా అదే పేజీలో ఉండాలి.

ఒక్కో పిల్లకు ఒక పేజీ ఇవ్వండి. పుట్టిన తేదీ, బరువు, తల్లి పేజీ నంబరు, తండ్రి పేజీ నంబరు, కనిపించే జన్యువులు, కనిపించకపోయినా కచ్చితంగా ఉన్నవి, ఉండొచ్చేమో అన్నవి వాటి శాతంతో సహా. ఈ మూడింటిని మూడు వేర్వేరు వరసల్లో రాయండి, కలపకండి. నేను మొదటి కుబుసాన్ని కూడా ఆరబెట్టి, తేదీ రాసిన కాగితం కవరులో పెట్టి అదే పేజీకి పిన్ కొడతాను. పరివేష్‌లో పుట్టుక నమోదు చేసిన నంబరు ఆ కవరు మీదే ఉంటుంది. మహబూబ్‌నగర్ ఆడదానికి పుట్టిన ఆ ఏడు పిల్లల కవర్లూ ఇప్పుడు నా అల్మారా రెండో అరలో ఉన్నాయి. వాటిలో రెండు ఆడవి ఈ చలికాలానికి 1100 గ్రాములు దాటాయి. ఇంకా 400 గ్రాములు రావాలి.